మంచు మిషనుకి రెండో కన్ను

నేను చెప్పేవాటిలో సగానికి పైగా కల్పనలేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. కథ మొదలుపెట్టగానే అందులో ఎన్ని పాళ్లు నిజమో మా ఆవిడ వేళ్లు ఎత్తి చూపిస్తుంది. మొసలి కథకి రెండు వేళ్లు. లాంచీలో దొంగని పట్టుకున్న కథకి ఒకటిన్నర. కువైట్ ఎడారిలో నేను మంచు ఊడ్చే మిషను నడిపానన్న ఈ కథకి మాత్రం ఇన్నేళ్లలో ఒక్క వేలూ లేవలేదు. విచిత్రమేమిటంటే పదికి తొమ్మిది వేళ్లు ఎత్తాల్సింది దీనికే. మిగిలిన ఆ ఒక్క వేలూ నా సొంత అవసరాలకి ఉంచుకున్నాను.

ఎనభైల మొదట్లో సంగతి. కువైట్‌లో సౌదీ సరిహద్దు పక్కనున్న వఫ్రాలో ఒక తోటలో పని చేసేవాణ్ణి. టమాటాలు, కీరదోస, ఎడారిలో దూరంగా ఒక గొర్రెల మంద. నా పని బోరు పంపులు చూసుకోవడం. ఊళ్లో మా నాన్న ఆయిల్ ఇంజను పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి ఇంజను దగ్గితే ఎక్కడ నొప్పో కొంత తెలుస్తుంది. నాతో పాటు గదిలో కడప వైపు అన్న ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. టమాటా షెడ్లలో పని చేసేవాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ లోటు నేను పూడ్చేవాణ్ణి. వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ, పళ్లు తోముకుంటూ కూడా ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఆయన అంతా విని, చివరికి, "నీ నోట్లో నిజం నిలబడదు గదబ్బీ" అని దుప్పటి కప్పుకునేవాడు.

మా కఫీల్, అంటే తోట యజమాని, మంచివాడే. కాకపోతే కొత్త వస్తువు కంటబడితే ఆగలేడు. ఒక చలికాలం పిల్లలతో యూరప్ కొండల్లోకి వెళ్లాడు. అక్కడ ఒక మిషను రోడ్డు మీది మంచుని నోటితో మింగి, గొట్టంలోంచి గోడ అవతలికి ఉమ్మడం చూశాడట. ఆయనకి అందులో మంచు కనపడలేదు, వఫ్రా ఇసుక కనపడింది. మూడు నెలలు తిరక్కుండా పెద్ద చెక్కపెట్టెలో ఆ మిషను తోటలో దిగింది. ఎర్ర రంగు. ముందు పళ్ల చక్రం తిరిగే వెడల్పాటి నోరు, నడుమ ఇంజను, పైన వంకర గొట్టం, వెనక పట్టుకుని నడవడానికి రెండు పిడులు.

కఫీల్ పనివాళ్లందర్నీ వరసగా నిలబెట్టి, "ఇది ఎవరికి తెలుసు?" అని అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. అందరూ ఊరుకుంటే నాకు ఒళ్లు జెర్రులు పాకినట్టుంటుంది.

"నాకు తెలుసు, బాబా. కాశ్మీరులో మూడేళ్లు నడిపాను" అన్నాను.

అప్పటికి నేను చూసిన మంచల్లా పొద్దున్నే మా కోనసీమ లంకల మీద పట్టే పొగమంచు, ఐసుఫ్రూటు బండి మూత తీస్తే కనపడేదీను. కడప అన్న నా వైపు ఒకసారి చూసి, తల దించుకుని, కాలి బొటనవేలితో ఇసుకలో గీతలు గీశాడు. నవ్వు ఆపుకోవడానికి ఆయన చేసే పని అది.

మిషను షెడ్డులో తార్పాలిన్ కింద పడుకుంది. దాన్నీ నన్నూ కూడా అందరూ మర్చిపోయారు.

మార్చిలో మూడు రోజులు దుమ్ముగాలి కొట్టింది. అది తెరిపినిచ్చేసరికి తారు రోడ్డు నుంచి తోటలోకి వచ్చే దారి లేదు. ఆ దారి పొడుగునా ఇరవై నాలుగు కరెంటు స్తంభాలుండేవి. స్తంభాలు కనపడుతున్నాయి, దారి కనపడటం లేదు. కొన్నిచోట్ల మోకాలి లోతు ఇసుక. తోట ట్రాక్టరు గేరుబాక్సు విప్పి నేల మీద పరిచి ఉంది. రోడ్లు బాగుచేసే గ్రేడరు వారం దాకా రాదన్నారు.

బుధవారం పొద్దున్నే కఫీల్ పికప్‌లో ఎడారి చుట్టూ తిరిగి, ఎగిరెగిరి పడుతూ వచ్చాడు.

"శుక్రవారం మా అమ్మ వస్తుంది" అన్నాడు.

ఆవిడ తుంటి ఎముక విరిగి నెలల తరబడి మంచంలో ఉండి లేచింది. డాక్టరు బయటికి వెళ్లొచ్చని చెప్పగానే తోట చూస్తానందట. పికప్ కుదుపులకి ఆ తుంటి తట్టుకోదు. పెద్ద కారులోనే రావాలి. పెద్ద కారుకి దారి కావాలి.

"నీ మిషను తియ్యి. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక బయల్దేరతాం."

"రేపు సాయంత్రానికే తీసేస్తాను, బాబా. కాశ్మీరులో ఇంతకి పదింతలు ఒక్క పూటలో తీసేవాళ్లం."

ఆయన మళ్లీ పికప్ ఎక్కాడు. "జేన్, సరే. తియ్యలేకపోతే నీకు మిషను తెలియదని అర్థం. శనివారం నుంచి గొర్రెల దగ్గరికి పో. అక్కడ మనిషి లేడు. యల్లా, కానియ్యి."

గొర్రెలంటే నాకు భయం లేదు. ఎడారిలో ఒక గుడారం, ఒక నీళ్ల ట్యాంకు, మూడు వందల గొర్రెలు. వారానికి ఒకసారి పికప్ వచ్చి పిండీ ఉల్లిపాయలూ దించి పోతుంది. అక్కడికి ముందు వెళ్లినతను ఆరు నెలల తర్వాత తిరిగొచ్చి, మనం పలకరిస్తే జవాబివ్వడానికి ఒక నిమిషం తీసుకునేవాడు. నేను మూడు వందల గొర్రెలకి మొసలి కథ చెబుతున్నట్టూ, ఒక్కటీ తలెత్తనట్టూ కళ్ల ముందు కనపడింది.

"ఏం అన్నా, ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"చేద్దామా? కాశ్మీరానికి నేను యాడ వస్తినబ్బీ" అన్నాడు కడప అన్న. అంటూనే షెడ్డు వైపు నడిచాడు.

మధ్యాహ్నానికి దాన్ని బతికించాం. తాడు లాగి లాగి నా భుజం జారిందేమో అనుకున్నాను. మిషను ఒక్కసారి అరిచి, ఇసుకని మింగి, గొట్టంలోంచి పైకి చిమ్మింది. చిమ్మిందంతా నా మొహానికే వచ్చింది. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకోలేదు. గొట్టం రెండో వైపు తిప్పాక మాత్రం అది చూడాల్సిన దృశ్యం. ఆ ఇసుక సౌదీ సరిహద్దు దాటి వెళ్లిందనీ, అక్కడ దానికి వీసా అడగలేదనీ నేను చెబుతుంటాను. మీరు ఒక ఇరవై అడుగులు అనుకోండి చాలు.

అసలు తిప్పలు పెట్రోలుతో వచ్చాయి. దాని ట్యాంకు మన చెంబంత. మంచు దేశంలో ఇంటి ముందు నాలుగు బారలు ఊడ్చుకుని లోపలికి పోయి కాఫీ తాగేవాళ్ల కోసం చేసిన మిషను అది. ముప్పావు గంటకల్లా ఖలాస్. వేడి ఇంజను మీద పెట్రోలు పోస్తే ఇసుకతో పాటు మనమూ ఎగురుతాం కాబట్టి అది చల్లారేదాకా కూర్చోవాలి. ఆ ఎండలో ఏది చల్లారుతుంది? చల్లారాక మళ్లీ తాడు. ఇరవైసార్లు లాగితే ఒకసారి పలికేది. ఒకసారి ఓపిక పట్టలేక తొందరపడ్డాను. సైలెన్సరు ముద్దు పెట్టుకున్న మచ్చ ఇప్పటికీ మోచేతి మీద ఉంది. మొసలి కథలో చూపించే మచ్చ కూడా అదే.

పొద్దు కుంకేసరికి అయిదు స్తంభాలు. పని చేసింది రెండు గంటలు, కూర్చున్నది నాలుగు గంటలు.

"ఈ లెక్కన పెద్దమ్మ వచ్చే ఏడాది వస్తే సరిపోతాది" అన్నాడు అన్న.

నా బుర్ర మా నాన్న ఆయిల్ ఇంజను దగ్గరికి పోయింది. ఆయన పొలం గట్టున తాటిదుంగలతో మంచె లాగా కట్టి, దాని మీద పెద్ద డ్రమ్ము పెట్టి, అక్కణ్ణుంచి సన్నగొట్టం ఇంజనుకి దించేవాడు. ఆయిలు దానంతటదే కిందికి దిగుతుంది. ఇంజను తాగినంత తాగుతుంది. నాన్న హాయిగా నిద్రపోయేవాడు. మంచు మిషనుకి మాత్రం అలా ఎందుకు కట్టకూడదు?

గురువారం పొద్దున్నే పనిలో దిగాం. ఇరవై లీటర్ల ఇనుప డబ్బా ఒకటి తీసి, అడుగున పాత పంపుది చిన్న ట్యాపు బిగించాను. మిషను సొంత ట్యాంకు నుంచి ఇంజనుకి వెళ్లే గొట్టం పీకి, ఈ ట్యాపుకి తగిలించాను. టమాటా షెడ్డు పైపులు వంచి అన్న స్టాండు తయారుచేశాడు. దాన్ని ఇంజను వేడికి దూరంగా, పిడుల దగ్గర బిగించాం. డబ్బా నింపి పెట్టగానే ఆ బరువుకి మిషను వెనక్కి వాలి, నోరు గాల్లోకి లేచింది, అన్నం ముద్ద కోసం చూసే పిల్లాడిలాగా. అన్న ఒక పిండి సంచి నిండా ఇసుక పోసి దాని నోటి మీద కూర్చోబెట్టాడు. ఇసుకకి అక్కడ కరువా?

ఇంకో లోపం ఉంది. మంచులో దుమ్ముండదు కదా, అందుకని ఆ ఇంజను గాలి పీల్చే చోట జల్లెడలాంటిదేమీ లేదు. అన్న తన తలగుడ్డ విప్పి రెండు మడతలు పెట్టి, నూనెలో తడిపి దాని ముక్కుకి కట్టాడు. దుమ్ము సంగతి తలుచుకుంటే నాకు దిగులు పట్టుకుంది. పెట్రోల్లో ఒక్క ఇసుక రవ్వ పడినా ఇంజను చచ్చిపోతుంది. డబ్బా మూతకి లోపల సైకిలు ట్యూబు ముక్క వేశాను. అంచు చుట్టూ గ్రీజు పూశాను. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి తీగతో బిగించాను.

"చీమ కూడా దూరదు, అన్నా" అన్నాను.

ఆ మాట ఆ రోజు నేను చెప్పిన ఒకే ఒక్క నిజం. మమ్మల్ని ముంచింది కూడా అదే.

మొదట్లో భేషుగ్గా నడిచింది. ఒక స్తంభం దాటే ముందు ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తీగ విప్పి మూత తీసి చూస్తే డబ్బా నిండుగా ఉంది. మూత పెట్టి, ఇంకా గట్టిగా బిగించి, తాడు లాగితే నడిచింది. ఒక పావుగంట. మళ్లీ దగ్గింది, ఆగింది. మూత తీస్తే పెట్రోలు తొణుకుతోంది. సాయంత్రం దాకా ఇదే వరస. పెట్రోలు ఉంది, నిప్పు ఉంది, ఇంజనుకి మాత్రం ప్రాణం నిలవటం లేదు. ఆ పూటకి మూడే స్తంభాలు. ఇంకా పదహారు ఉన్నాయి.

గదికి వచ్చి నేను మాట్లాడకుండా కూర్చున్నాను. దానికి అన్న నాకంటే ఎక్కువ కంగారు పడ్డాడు.

"అబ్బీ, ఒగ మాట అడుగుతా. మిషను తీసినప్పుడు టెంకాయ కొట్టినావా?"

"లేదన్నా."

"అదే మరి. మా పక్క కొత్త ట్రాక్టరు దించితే, టెంకాయ కొట్టకుండా సీటు మీద గూడ గూచోరు. నువ్వు మంచు దేశం మిషను తెచ్చి, దండం గూడ పెట్టకుండా ఇసుక తినిపిస్తాంటివి. దానికి మాత్రం రోసం ఉండదా?"

మా గదిలో ఒక్కటే కొబ్బరికాయ ఉంది. ఉగాదికని కువైట్ సిటీ పక్కన హవల్లీలో ఉండే మా ఊరివాడి చేత తెప్పించి, అన్న పెట్టెలో బట్టల మధ్య దాచుకున్నది. ఆయన లేచి వెళ్లి దాన్ని తీసి నా ముందు పెట్టాడు. ఉగాది పోతే పోయిందన్నట్టు.

శుక్రవారం తెల్లవారుతుండగా మిషను దగ్గర నిలబడ్డాం. అన్న స్నానం చేసి, దాని నుదుటన, అంటే గొట్టం మొదట్లో, కుంకం పెట్టాడు. రెండు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాడు.

"కొట్టు" అన్నాడు.

నేను కాయ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపాను. లోపల నీళ్లు గలగలమన్నాయి. రెండేళ్లయింది ఆ చప్పుడు విని.

"అన్నా, కొడితే నీళ్లన్నీ ఇసుక తాగేస్తుంది. ముందు గ్లాసులోకి వంపుకుందాం."

"దేవుని కాయ ఎంగిలి చేస్తావా?"

"దేవుడికి చూపించే తాగుదాం. ఆయన ఎడారిలో ఉన్నాడు, ఆయనకి తెలీదా నీళ్ల విలువ?"

అన్న నా చెయ్యి పట్టుకునేలోగా స్క్రూడ్రైవరు తీసి కాయ కన్నులో పొడిచాను. గ్లాసు మీద బోర్లించాను. రెండు చుక్కలు రాలి ఆగిపోయాయి. ఊపితే ఇంకో చుక్క.

"చూస్తివా? ఇయ్యనంటాండాడు" అన్నాడు అన్న.

నేను ఏమీ ఆలోచించలేదు. కోనసీమలో పుట్టినవాడికి అది చేతికి వచ్చిన పని. మేకు తీసుకుని రెండో కన్నుకి కూడా సుత్తితో చిల్లు పెట్టి మళ్లీ వంచాను. నీళ్లు ధారగా పడ్డాయి. ఒక కన్నులోంచి గాలి లోపలికి పోతే తప్ప ఇంకో కన్నులోంచి నీళ్లు బయటికి రావు. మా వైపు పిల్లలు మాటలు రాకముందే నేర్చుకునే సంగతి ఇది.

గ్లాసు నిండింది. నేను తాగలేదు. చీమ కూడా దూరకుండా బిగించిన నా డబ్బా వైపు చూస్తూ ఉండిపోయాను.

"ఏందబ్బీ, అట్లా చూస్తాండావు?"

"అన్నా, దీనికి ఒక్కటే కన్ను ఉంది."

మూత విప్పి దూరంగా తీసుకుపోయి దానికి మేకుతో చిల్లు పెట్టాను. ఆ చిల్లులో వేలెడు గొట్టం గుచ్చి, కిందికి వంచి, కొసకి పల్చటి గుడ్డ చుట్టాను. గాలి వస్తుంది, ఇసుక రాదు. అప్పుడు కాయ కొట్టాం. నీళ్లు లేని కాయ కాబట్టి బోలుగా మోగింది. అన్నకి అది నచ్చలేదు గానీ గ్లాసులో సగం తాగాక కాస్త మెత్తబడ్డాడు.

ఆ తర్వాత ఇంజను ఆగలేదు. ఒక స్తంభం, రెండు స్తంభాలు, అయిదు. నేను పిడులు పట్టుకుంటే అన్న ముందు నడిచి రాళ్లు ఏరేవాడు, అలిసిపోతే మారేవాళ్లం. మిషను మాత్రం ఆగదు. ఆ ఏడు గంటల్లో నేను చెప్పిన కథలు అన్నకి ఒక్కటీ వినపడలేదు, ఆ మోతకి. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు.

తారు రోడ్డు ఇంకో రెండు కార్ల పొడుగు ఉందనగా డబ్బా అడుగంటింది. ఇంజను ఆగింది. అదే సమయానికి రోడ్డు మీద తెల్లటి పెద్ద కారు వచ్చి నిలబడింది. కఫీల్ దిగాడు. మమ్మల్నీ, మా వెనక తోట దాకా తెరుచుకున్న దారినీ, ముందు మిగిలిన ఇసుకనీ చూశాడు. తెల్లటి అంగీ చేతులు పైకి మడిచి, డిక్కీలోంచి పార తీశాడు. మేమూ చేతులతో తోడాం. కారు లోపలికి వెళ్లింది, కుదుపు లేకుండా.

పెద్దావిడని అందరూ పెద్ద మామా అనేవారు. ఇంటి యజమానురాలిని అక్కడ మామా అంటారు, ఈవిడ ఆ మామాలకే మామా. నల్ల అబాయాలో చిటికెడు మనిషి. టమాటా షెడ్డు నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కాయ కొట్టాక ప్రసాదం పంచకుండా ఉండటం అన్న వల్ల కాదు. డ్రైవరుకి, పనమ్మాయికి, చివరికి జంకుతూనే పెద్ద మామాకి కూడా ఒక కొబ్బరి ముక్క ఇచ్చాడు. ఆవిడ నమిలి, కళ్లు మూసుకుని, చాలాసేపు తెరవలేదు. అన్న నా చొక్కా పట్టుకున్నాడు.

ఆవిడ నాన్న చెక్క ఓడకి కెప్టెనట. ఏటేటా మలబారు వెళ్లి కలప, కొబ్బరికాయలు తెచ్చేవాడట. కళ్లు తెరిచి ఆ మాట చెప్పి, "మీ ఊళ్లో ఇవి కాస్తాయా?" అని నన్ను అడిగింది.

"మా ఊళ్లో ఇవి తప్ప ఇంకేమీ కనపడవు, మామా."

కఫీల్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇతను కాశ్మీరులో మంచు మిషను నడిపినవాడు, అమ్మా."

"ఓహో" అంది ఆవిడ. కొడుకుని టీ తెమ్మని పంపించి, నన్ను దగ్గరికి పిలిచింది. "మంచు పడేటప్పుడు చప్పుడు ఎలా ఉంటుంది?"

నాకు వచ్చిన అరబ్బీలో, చేతుల సాయంతో చెప్పాను. "చేటలో బియ్యం చెరుగుతున్నట్టు ఉంటుంది, మామా. గట్టిగా పడితే డప్పు కొట్టినట్టు."

ఆవిడ భుజాలు కదిలిపోయేలా నవ్వింది. తుంటి నొప్పి పుట్టి, పట్టుకుని మరీ నవ్వింది. "మూడు నెలలు లండన్ ఆసుపత్రిలో కిటికీ పక్కన పడుకున్నాను. మంచుకి చప్పుడే ఉండదు."

నా కళ్ల ముందు గొర్రెలు వరసగా నిలబడ్డాయి.

"మా నాన్న ఓడ దిగినప్పుడల్లా నాకు ఇలాంటివే చెప్పేవాడు" అందావిడ. "ఇల్లంత చేప. మాట్లాడే కోతి. ఆయన పోయాక నాకు సరైన అబద్ధం చెప్పినవాడు లేడు. నా కొడుక్కి బొత్తిగా రాదు. వచ్చే శుక్రవారం కూడా వస్తాను. దారి తీసి ఉంచు."

టీ తెచ్చిన కఫీల్ గొర్రెల దగ్గర మనిషి లేడన్న సంగతి ఎత్తాడు. ఆవిడ కొడుకుతో, ఇతను మిషను దగ్గరే ఉండాలి, గొర్రెలకి ఇంకొకర్ని చూడు అంది. కఫీల్ చుట్టూ చూశాడు. పనివాళ్లందరూ నేల చూపులు చూశారు.

"నేను పోతా" అన్నాడు కడప అన్న.

నేను అదిరిపడ్డాను. "అన్నా, అక్కడ మాట్లాడే మనిషే ఉండడు."

"అందుకే పోతాండానబ్బీ."

శనివారం పొద్దున పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత వారానికొకసారి పికప్‌లో నీళ్లూ పిండీ తీసుకెళ్లే పని నేనే అడిగి తీసుకున్నాను. నన్ను చూడగానే, "దించేసి పో అబ్బీ, ఎండెక్కతాంది" అనేవాడు. అంటూనే పొయ్యి రాజేసి, టీకి రెండు గ్లాసులు కడిగి పెట్టేవాడు.